దివాలా వరుసలో మన చోటు ఎక్కడ?

ఒక కంపెనీ దివాలా తీసిందన్న వార్త వచ్చినప్పుడల్లా దానితోపాటు ఒక అంకె వస్తుంది. బ్యాంకులకు ఇన్ని వందల కోట్లు బాకీ అని. ఆ కంపెనీ గేటు లోపల సరుకు ఏరి, కడిగి, ప్యాకెట్లు కట్టిన స్త్రీలకు ఎంత బాకీ? క్యాంటీన్‌లో వండినవాళ్ళకు, ఊడ్చినవాళ్ళకు ఎంత? పంట తోలిన రైతు కుటుంబాలకు ఎంత? ఇవేవీ ఆ వార్తలో సాధారణంగా కనిపించవు. ప్రభుత్వానికి రావలసిన పన్ను ఎంత పోయిందో కూడా కనిపించదు.

పడిపోయిన కంపెనీలో మిగిలిన ఆస్తిని ఎవరు ముందు తీసుకోవాలి, ఎవరు తరువాత తీసుకోవాలి అన్నది ఆడిటర్లూ లాయర్లూ చూసుకునే లెక్కల వ్యవహారమని మనం వదిలేస్తున్నాం. నిజానికి అది ఎవరి శ్రమకు, ఎవరి పొదుపుకు ఎంత విలువ ఇవ్వాలో తేల్చే రాజకీయ నిర్ణయం. చట్టసభలు ఆ వరుసను ఒకసారి కాదు, అనేకసార్లు మార్చాయి. మార్చినప్పుడు అడిగినవాళ్ళ గొంతు వినబడింది. అడగనివాళ్ళు వెనక్కి వెళ్ళారు. మహిళా సంఘాలు ఈ విషయాన్ని పట్టించుకోవలసిన అవసరం అక్కడే ఉంది.

చల్లపల్లి పేరు మీద ఒక తీర్పు

చల్లపల్లి పేరు దేశంలోని పన్నుల న్యాయవాదులకు బాగా తెలుసు. ఇక్కడి మనలో చాలామందికి ఆ సంగతి తెలియదు. చల్లపల్లి పక్కన లక్ష్మీపురంలో చక్కెర ఫ్యాక్టరీ నడిపిన చల్లపల్లి షుగర్స్ కంపెనీకీ ఆదాయపు పన్ను శాఖకూ మధ్య నడిచిన వివాదంలో సుప్రీంకోర్టు 1974 అక్టోబరు 31న తీర్పు చెప్పింది. ఫ్యాక్టరీ నిర్మాణానికి, యంత్రాలకు తెచ్చిన అప్పు మీద, ఉత్పత్తి మొదలు కాకముందు కట్టిన వడ్డీని ఆ యంత్రాల ఖరీదులో కలపవచ్చునా లేదా అన్నది ప్రశ్న. కలిపితే యంత్రాల విలువ పెరుగుతుంది, ఏటా చూపే తరుగుదల పెరుగుతుంది, పన్ను తగ్గుతుంది. కలపవచ్చునని కోర్టు చెప్పింది. ఆ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉన్నారు.

ఇది దివాలా కథ కాదు. ఆ ఫ్యాక్టరీ తరువాతి కాలంలో కేసీపీ చేతికి వచ్చింది. తీర్పును తప్పు పట్టడం కూడా మన ఉద్దేశం కాదు. అకౌంటింగ్ పద్ధతిలో అది సబబైన మాటే. కానీ అందులో మనం గమనించవలసిన ఒక సంగతి ఉంది. అప్పు తెచ్చి నడిపే కంపెనీకి పన్ను తగ్గుతుంది. వాటాదారుకు పంచిన లాభం మీద ఆ మినహాయింపు లేదు, అప్పు ఇచ్చినవాడికి కట్టిన వడ్డీ మీద ఉంది. అంటే కంపెనీ బాగా నడిచినంతకాలం ఆ అప్పు భారంలో కొంత ఖజానా కూడా మోస్తూ వచ్చిందన్నమాట. మరి కంపెనీ కూలినప్పుడు? అప్పు ఇచ్చిన బ్యాంకు ముందు వరుసలో నిలబడుతుంది. భారం పంచుకున్న ఖజానా ఎక్కడో వెనక నిలబడుతుంది.

వరుస ఎలా మారింది?

1956 కంపెనీల చట్టం కింద తాకట్టు పెట్టుకున్న బ్యాంకు తన తాకట్టు ఆస్తిని అమ్ముకుని తన బాకీ తీర్చుకునేది. మిగిలిన దాంట్లో పన్నులకూ, జీతాలకూ కొంత హద్దు మేరకు ముందు చెల్లింపు ఉండేది. తాకట్టు పోగా మిగిలేది ఏమీ లేనప్పుడు ఆ ముందు వరుస కాగితం మీద ముచ్చటే అయ్యేది. కార్మిక సంఘాలు దీని మీద గట్టిగా పోరాడాయి. కంపెనీని మూసివేసే విచారణలో తమ మాట వినిపించుకునే హక్కు కార్మికులకు ఉందని సుప్రీంకోర్టు 1982 డిసెంబరులో చెప్పింది. 1985లో చట్టాన్ని సవరించి కార్మికుల బకాయిలను తాకట్టు రుణదాతల బాకీలతో సమానంగా నిలబెట్టారు. అది పోరాడి తెచ్చుకున్న మార్పు.

2016లో దివాలా కోడ్ వచ్చింది. ఆ చట్టం పీఠికలోనే, ప్రభుత్వ బకాయిల చెల్లింపు వరుసను మార్చడం కూడా తన ఉద్దేశమని రాసుకున్నారు. ఆస్తి అమ్మి పంచేటప్పుడు 53వ సెక్షను చెప్పే వరుస ఇది. మొదట దివాలా ప్రక్రియకు అయిన ఖర్చులు. రెండవది, లిక్విడేషన్ మొదలైన తేదీకి ముందు 24 నెలల కార్మికుల బకాయి, దానితో సమానంగా తాకట్టును ఉమ్మడి ఆస్తిలో వదిలిన బ్యాంకుల బాకీ. మూడవది, కార్మికులు కాని ఇతర ఉద్యోగులకు 12 నెలల జీతం. నాలుగవది, తాకట్టు లేకుండా అప్పు ఇచ్చిన ఆర్థిక రుణదాతలు. ఐదవది, రెండేళ్ళ ప్రభుత్వ బకాయిలు. తాకట్టును సొంతంగా అమ్ముకున్నాక కూడా తీరని బ్యాంకు బాకీ దీని పక్కనే ఉంటుంది. ఆరవది, మిగిలిన అన్ని బాకీలు. సరుకు ఇచ్చినవాళ్ళు, చిన్న పనులు చేసిపెట్టినవాళ్ళు, 24 నెలలకు ముందు నాటి కూలి, అన్నీ ఈ ఆరవ గంపలోనే. ఆ తరువాత వాటాదారులు. ప్రావిడెంట్ ఫండ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల్లోని డబ్బు మాత్రం ఈ పంపకంలోకి రాదు; అది కార్మికులదే.

ఒక ఊహాలెక్క వేసుకుందాం. ఒక ఆహార పదార్థాల కంపెనీ మూతపడిందనుకోండి. బ్యాంకు తాకట్టు బాకీ 50 కోట్లు. కార్మికులకు చివరి 24 నెలల బకాయి 6 కోట్లు, అంతకు ముందుది 2 కోట్లు. పన్నులు 8 కోట్లు. సరుకు తోలిన రైతులకూ, చిన్న వ్యాపారులకూ 4 కోట్లు. ఆస్తి అంతా అమ్మితే 30 కోట్లు వచ్చింది. ఖర్చులకు 2 కోట్లు పోతే మిగిలేది 28 కోట్లు. బ్యాంకూ కార్మికులూ సమానం కనుక రూపాయికి అర్ధరూపాయి చొప్పున బ్యాంకుకు 25 కోట్లు, కార్మికులకు 3 కోట్లు. అంతటితో సరి. పన్నుకు ఏమీ లేదు. రైతుకు ఏమీ లేదు. పాత కూలికి ఏమీ లేదు.

ఇందులో 24 నెలల లెక్క గురించి కొంచెం ఆలోచించాలి. ఆ 24 నెలలు ఫ్యాక్టరీ ఆగిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టరు. లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి వెనక్కి లెక్కపెడతారు. ఫ్యాక్టరీ ఆగి మూడేళ్ళయ్యాక ఉత్తర్వు వస్తే, నిజంగా పనిచేసిన నెలలు ఆ 24 నెలల బయటే మిగిలిపోతాయి. దివాలా ప్రక్రియకు చట్టం పెట్టిన పై గడువు 330 రోజులు. చాలా కేసులు దాన్ని దాటిపోతున్నాయి. ఆ ప్రక్రియ నడిచే కాలంలో కూడా, నిజంగా పనిలోకి వచ్చినవాళ్ళ జీతమే ఖర్చుల కింద ముందు వరుసలోకి వస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పని లేదు పొమ్మని ఇంటికి పంపితే ఆ నెలల మాట వెనక వరుసలోకి పోతుంది. ఏ ఫ్యాక్టరీలోనైనా ముందుగా ఇంటికి పంపేది ఎవరినో మనకు తెలియనిది కాదు.

ఇది ఎక్కడో జరిగే సంగతి కూడా కాదు. దివాలా కోడ్ కింద దేశంలో మొట్టమొదట పరిష్కారమైన కంపెనీ విశాఖపట్నంలోని సినర్జీస్ డూరే ఆటోమోటివ్. 2017 ఆగస్టు 2న కంపెనీ లా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచి దాని పరిష్కార ప్రణాళికను ఆమోదించింది. సుమారు 972 కోట్ల బాకీకి ప్రణాళికలో వచ్చింది సుమారు 54 కోట్లు. నూటికి ఆరు రూపాయల లోపు. మొదటి వరుసలో నిలబడిన రుణదాతల గతే అది అయితే ఐదవ, ఆరవ వరుసల్లో నిలబడినవాళ్ళ సంగతి వేరే చెప్పాలా?

పన్ను ఎవరిది?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ప్రభుత్వానికి పన్ను పోతే మనకేం? 1992లో సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు, సారా ఆదాయం పోతే ఖజానా ఏమవుతుందని మనల్నే అడిగారు. ఖజానా పేరు చెప్పి మన ఇళ్ళు కూల్చవద్దని స్త్రీలు జవాబు చెప్పారు. కాబట్టి ఖజానా నిండితే మన కడుపు నిండుతుందన్న భ్రమ మనకు లేదు.

అయినా ఒక తేడా చూడాలి. కంపెనీ కట్టవలసిన పన్నులో కొంత దాని సొంత లాభం మీద పన్ను. కొంత మాత్రం దానిది కానే కాదు. కార్మికుని జీతంలోంచి కోసిన పన్ను, కొనుగోలుదారు నుంచి వసూలు చేసిన జీఎస్టీ, ఇవి ఇతరుల డబ్బు. మనం సబ్బు కొన్నప్పుడు బిల్లులో కట్టింది ప్రభుత్వానికి చేరాలని కట్టాం. కంపెనీ దాన్ని మధ్యలో వాడుకుని కూలిపోతే, ఆ డబ్బును ఐదవ వరుసలో పెట్టి బ్యాంకు బాకీకి జమ చేయడం ఏ న్యాయం? బ్రిటన్ 2003లో పన్నుల శాఖకు ఉన్న ముందు వరుసను తీసేసింది. 2020 డిసెంబరు నుంచి, ఇతరుల నుంచి వసూలు చేసి కట్టని పన్నులకు మాత్రం కొంత ముందు వరుసను తిరిగి ఇచ్చింది. అంటే ఈ తేడాను చట్టంలో రాయడం సాధ్యమేనన్నమాట.

మన దేశంలో ఈ విషయం కోర్టుల్లో అటూ ఇటూ ఊగింది. ఆమోదించిన ప్రణాళికలో చోటు లేని ప్రభుత్వ బకాయిలు రద్దయిపోతాయని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 సెప్టెంబరులో రెయిన్‌బో పేపర్స్ కేసులో, గుజరాత్ వ్యాట్ చట్టం పన్ను బాకీకి ఆస్తి మీద మొదటి హక్కు ఇచ్చింది కనుక రాష్ట్ర ప్రభుత్వం కూడా తాకట్టు రుణదాత లాంటిదేనంది. 2023 జులైలో రామన్ ఇస్పాత్ కేసులో వేరే బెంచి, ఆ తీర్పు 53వ సెక్షను వరుసను పరిగణించలేదని పక్కకు తప్పుకుంది. 2025 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు, ఇరుపక్షాల ఒప్పందంతో వచ్చిన తాకట్టే తాకట్టు, చట్టం దానంతటది కల్పించింది తాకట్టు కాదని చెప్పబోయింది. అంటే ఖజానాను మళ్ళీ వెనక్కి పంపడమే.

ఈ వాదనలన్నింటిలో ఇద్దరే కనిపిస్తారు: బ్యాంకు, ప్రభుత్వం. రెయిన్‌బో తీర్పు ప్రకారం ప్రభుత్వం రెండవ వరుసలోకి వస్తే, అక్కడ ఇప్పటికే అర్ధరూపాయితో సరిపెట్టుకుంటున్న కార్మికుల వాటా ఇంకా పలచబడుతుంది. అది మనకు సమ్మతం కాదు. ఖజానాను ముందుకు తెచ్చే పేరుతో కూలిని వెనక్కి నెట్టకూడదు. అదే సమయంలో కార్మికుల పేరు చెప్పి ఖజానాను వెనక్కి నెట్టి, లాభం మాత్రం బ్యాంకుకు చేర్చే వాదనను కూడా ఒప్పుకోకూడదు. కూలికీ పన్నుకూ తగాదా పెట్టి మధ్యలో ఎక్కువ వాటా ఎవరు తీసుకుంటున్నారో చూడాలి.

అగ్రిగోల్డ్ చెప్పిన పాఠం

దీనికి కృష్ణా డెల్టాలో మనం కళ్ళారా చూసిన ఉదాహరణ అగ్రిగోల్డ్. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ సుమారు 32 లక్షల ఖాతాల నుంచి 6,380 కోట్ల మేర వసూలు చేసి కుప్పకూలింది. ఇది దివాలా కోడ్ కిందకు రాలేదు. డిపాజిటర్ల రక్షణ కోసం 1999లో చేసిన రాష్ట్ర చట్టం కింద ఆస్తుల జప్తు జరిగింది. నెలకు ఇంతని కూడబెట్టి కట్టిన పొదుపు అది. ఊళ్ళో నలుగురినీ చేర్పించిన స్త్రీలు ఆ నలుగురి ముందు దోషుల్లా నిలబడవలసి వచ్చింది.

వాళ్ళకు మొదట డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? కంపెనీ ఆస్తుల నుంచి కాదు. 2019 నవంబరులో 10 వేల లోపు డిపాజిట్లకు, 2021 ఆగస్టులో 20 వేల లోపు డిపాజిట్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఖజానా నుంచి చెల్లించింది. రెండు విడతల్లో పది లక్షల పైచిలుకు మందికి సుమారు 905 కోట్లు. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ తాను జప్తు చేసిన ఆస్తులను బాధితులకు చేర్చడం కోసం రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించడం 2025లో గాని జరగలేదు. పదేళ్ళు పట్టింది.

ఇందులో తేలిన సంగతి ఏమిటంటే, ఏ సంస్థ కూలినా చివరికి పేదల పక్కన నిలబడవలసింది ప్రజల ఖజానాయే. వరుసలో వెనక నిలబెట్టిన ఖజానాయే చివరకు బిల్లు కడుతోంది. అలాంటప్పుడు పన్ను బాకీ కూడా మన బాకీయే.

వరుస మార్చడం కుదరదని చెప్పేవాళ్ళకు ఇంకో సంగతి గుర్తుచేయాలి. 2025 మే నెలలో నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజ్ కేసులో సుప్రీంకోర్టు, డిపాజిటర్ల కోసం మహారాష్ట్ర చట్టం కింద జప్తు చేసిన ఆస్తుల మీద తాకట్టు రుణదాతలకు ముందు హక్కు లేదని చెప్పింది. చిన్నవాళ్ళ కోసం రాసిన చట్టం గట్టిగా ఉంటే తాకట్టు కాగితం కూడా ఆగవలసి వస్తుంది.

లెక్కలోకే రాని స్త్రీలు

ఇంతవరకూ మాట్లాడింది వరుసలో నిలబడగలిగినవాళ్ళ గురించి. మన స్త్రీలలో ఎక్కువమంది వరుసలోకే రారు. కాంట్రాక్టరు ద్వారా పనిలోకి వచ్చిన స్త్రీ పేరు కంపెనీ జీతాల రిజిస్టరులో ఉండదు. ఆమె బాకీ కాంట్రాక్టరు మీద తప్ప కంపెనీ మీద కాదంటారు. కాంట్రాక్టరు ఎగవేస్తే అసలు యజమానే కట్టాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2020 కోడ్ కూడా ఆ మాట నిలుపుకుంది. కానీ ఆ హక్కును దివాలా నిపుణుడి ముందు నిరూపించడానికి కాగితం ఏది? హాజరు చీటీ లేదు, జీతం రసీదు లేదు, గుర్తింపు కార్డు లేదు.

కార్మిక సంఘం కూడా రుణదాతగా దివాలా పిటిషన్ వేయవచ్చునని సుప్రీంకోర్టు 2019లో జేకే జూట్ మిల్లు కేసులో చెప్పింది. మంచి తీర్పు. ఏడాది తిరగకుండానే, 2020 మార్చిలో, పిటిషన్ వేయడానికి ఉండవలసిన కనీస బాకీని లక్ష రూపాయల నుంచి కోటి రూపాయలకు పెంచారు. కోటి రూపాయల కూలి బాకీ కావాలంటే ఎంతమంది ఎన్ని నెలలు పస్తులుండాలి? ఇక రుణదాతల కమిటీలో ఓటు ఆర్థిక రుణదాతలదే. కార్మికులు, సరుకు ఇచ్చినవాళ్ళు కలిసి మొత్తం బాకీలో పదో వంతు ఉంటే వెళ్ళి కూర్చోవచ్చు, ఓటు లేదు. 1982లో వినిపించుకునే హక్కు తెచ్చుకున్నాం. వినిపించుకున్నవాళ్ళకు చెయ్యెత్తే హక్కు ఇంకా లేదు.

ఏం అడగాలి?

కార్మికుల బకాయికి 24 నెలల హద్దు తీసేయాలి. కనీసం ఆ 24 నెలలను ఫ్యాక్టరీ పని ఆగిన రోజు నుంచి లెక్కపెట్టాలి. కూలి మొత్తం బ్యాంకు కంటే ముందు ఇవ్వాలి. ఇతరుల నుంచి వసూలు చేసి కట్టని పన్నును కూలి తరువాత, బ్యాంకుకు ముందు నిలబెట్టాలి. కంపెనీ సొంత పన్ను ఇప్పుడున్న చోటే ఉండవచ్చు. జరిమానాలు అందరికన్నా వెనక ఉండాలి. పైన వేసిన లెక్కలో వసూలు చేసి కట్టని పన్ను 3 కోట్లనుకుంటే, కార్మికులకు మొత్తం 8 కోట్లూ వస్తాయి, ఖజానాకు 3 కోట్లు వస్తాయి, బ్యాంకుకు 25కు బదులు 17 కోట్లు వస్తాయి.

బ్యాంకులో ఉన్నది కూడా మన డిపాజిట్లే కదా అంటారు. నిజమే. కానీ అప్పు ఇచ్చేముందు కంపెనీ లెక్కలు అడిగి చూసే అధికారం బ్యాంకుకు ఉంది. అనుమానం వస్తే వడ్డీ పెంచవచ్చు, అప్పు ఆపవచ్చు. పొద్దున్నే ఆటో ఎక్కి పనికి వెళ్ళే స్త్రీకి కంపెనీ లెక్కలు ఎవరు చూపిస్తారు? నష్టాన్ని ముందే చూడగలిగినవాడే నష్టంలో పెద్ద పాలు మోయాలి. అప్పుడే అప్పు ఇచ్చేటప్పుడు జాగ్రత్త పెరుగుతుంది.

చట్టం మారేదాకా ఊరికే కూర్చోలేం. కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైతే ఒక ఇంగ్లీషు పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన వేస్తారు. క్లెయిములకు గడువు అందులోనే ఉంటుంది. కార్మికులు విడివిడిగా ‘డి’ ఫారం వేయవచ్చు. అందరి తరఫున ఒకరు ‘ఈ’ ఫారం వేయవచ్చు. చనిపోయిన భర్త గ్రాట్యుటీ, పీఎఫ్ రావలసిన స్త్రీలు కూడా ఆ గడువులోపే అడగాలి. హాజరు పుస్తకం ఫోటో, బ్యాంకు పాస్‌బుక్కు, పీఎఫ్ నంబరు, తోటివారి వాంగ్మూలం, ఏది ఉంటే అది జతచేయాలి. కాంట్రాక్టరు ద్వారా పనిచేసినా క్లెయిము వేయాలి. తిరస్కరిస్తే ట్రిబ్యునల్ ముందు అడగవచ్చు. వేయకపోతే అడగడానికి ఏమీ మిగలదు.

చల్లపల్లి, ఘంటసాల, మోపిదేవి, అవనిగడ్డ ప్రాంతాల్లోని సంఘాలు ఈ పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. కంపెనీల్లో, ప్రాసెసింగ్ షెడ్లలో పనిచేసే స్త్రీల పేర్లు, పనిచేసిన రోజులు, రావలసిన కూలి ఒక పుస్తకంలో నెలనెలా రాసి పెట్టాలి. కంపెనీ బాగా నడుస్తున్నప్పుడే రాయాలి. బ్యాంకు తన తాకట్టు కాగితాన్ని అప్పు ఇచ్చిన రోజే రిజిస్టరు చేసుకుంటుంది, కంపెనీ కూలిన రోజున కాదు. మన కూలికి కూడా అలాంటి కాగితం ఉండాలి.